ఎప్పుడూ మూడే రాసే అన్నయ్య

మా అన్నయ్య బాయిలర్ ఆపరేటర్. బట్టలకు రంగులద్దే కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళుగా అదే బాయిలర్, అదే స్టూలు, అదే మసి గోడ. అక్కడ అతన్ని పేరుతో ఎవరూ పిలవరు, ‘ఏడుగారు’ అంటారు. గంటగంటకీ ఆవిరి ఒత్తిడి ఎంతుందో చూసి పుస్తకంలో ఎక్కించాలి కదా, అన్నయ్య పుస్తకం ఎప్పుడు తెరిచినా ఏడే ఉంటుంది. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కగానే మధ్యాహ్నం రెండు దాకా ఉన్న గడులన్నిటిలో ఏడు, ఏడు, ఏడు అని వరసగా రాసేసి పెన్ను జేబులో పెట్టుకుంటాడు. అలాగని పనిదొంగ అనుకునేరు. మీటరు ముల్లు వెంట్రుకవాసి కదిలినా కూర్చున్నచోటి నుంచే బాయిలర్ చప్పుడు విని పట్టేస్తాడు. “పుస్తకం ఆఫీసు కోసం, చెవి బాయిలర్ కోసం” అంటాడు. ఎనిమిదని రాస్తే పై నుంచి ఆఫీసరు దిగివచ్చి ఎందుకని అడుగుతాడు. ఏడని రాస్తే ఎవరూ రారు. ఎవరూ రాకపోవడమే అన్నయ్య లెక్కలో మంచి ఉద్యోగం.

ఈ అలవాటే నా ప్రాణం మీదికి తెచ్చింది.

నా రెండు కిడ్నీలూ పాడై నాలుగేళ్ళయింది. మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగున్నర దాకా ఆస్పత్రి మంచం మీద పడుకుంటాను. నా రక్తం ఒక గొట్టంలోంచి బయటికి పోయి, మిషనులో శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి లోపలికి వస్తుంది. సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి ఒక దారి చేస్తారు. ఎడమచేతిది మొదటి ఏడాదే పూడిపోయింది. కుడిచేతిది కూడా నీరసిస్తోందని, దాన్ని మహా అయితే ఇంకో రెండు నెలలు నమ్ముకోవచ్చని డాక్టరు చెప్పాడు. అలాంటప్పుడు అన్నయ్య కిడ్నీ నాకు సరిపోతుందని తేలింది. నెత్తిన పాలు పోసినట్టయింది.

ఆ సంతోషం ఆస్పత్రి మెట్లు దిగకముందే ఇంకో మాట చెప్పారు. కిడ్నీ ఇచ్చే మనిషి ఆపరేషన్‌కి ముందు ఆరు వారాలు సిగరెట్టు ముట్టకూడదు. పొగ పట్టిన ఊపిరితిత్తులు మత్తుమందు దగ్గర మొరాయిస్తాయట, రక్తం గడ్డలు కట్టొచ్చట, కోసిన గాయం తొందరగా మానదట. మధ్యలో ఒక్కటి కాల్చినా లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి. అన్నయ్యేమో పదిహేడో ఏట మొదలుపెట్టి రోజుకో పెట్టె ఊదేసే మనిషి.

నాకు ముక్కు మీద కోపం. ఇంకెవరైనా అయితే “మానతావా, చస్తావా?” అని నిలదీసేదాన్ని. ఇక్కడ చచ్చేది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆస్పత్రిలో సిగరెట్టు మాన్పించే నర్సు ఒకావిడ ఉంది. ఏం మాట్లాడినా అంకెలే అడుగుతుంది గనక ఆవిడకి ‘అంకెల సిస్టర్’ అని పేరు పెట్టుకున్నాం. అన్నయ్య ఫోన్‌లో ఒక యాప్ వేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది.

“సాయంత్రం కూర్చుని ఈరోజు ఎలా గడిచిందా అని గుర్తుతెచ్చుకుంటే తప్పు చెప్తారండి. మీరే కాదు, అందరూ అంతే. కాల్చాలన్న కోరిక ఉన్నట్టుండి లేస్తుంది, కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. దిగిపోయాక అదెంత గట్టిగా లేచిందో మనకే గుర్తుండదు. అందుకే ఫోను అప్పటికప్పుడు అడుగుతుంది. రోజుకి ఆరేడుసార్లు. ఎప్పుడడుగుతుందో ముందు చెప్పదు. కోరిక సున్నా నుంచి పది దాకా ఎంత, ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు. అంతే.”

“అడిగితే ఏమవుతుందమ్మా?” అన్నాడు అన్నయ్య.

“రెండు వారాల జవాబులు పోగైతే మీకు ఏ వేళ, ఏ చోటు గండమో దానికి అర్థమవుతుంది. ఆ తర్వాత మీరు అటు వెళ్ళబోతుంటే ముందే పలకరిస్తుంది. ఏం చెయ్యాలో గుర్తుచేస్తుంది.”

“అంటే ఫోను మానిపిస్తుందన్నమాట.”

“మానిపించదండి. ఏ సాయమూ లేకుండా మానేవాళ్ళకన్నా ఫోను సాయంతో మానేవాళ్ళు కాస్త ఎక్కువ. కాస్తే. మేమిచ్చే నికోటిన్ చూయింగ్ గమ్ నమిలితే, మనిషి తోడు కూడా ఉంటే, ఇంకాస్త.” ఆవిడ అబద్ధపు ఆశలు పెట్టదు. అందుకే నాకు నచ్చింది.

ఆ తోడుగా నా నంబరు ఎక్కించారు. అన్నయ్య ఏడుగానీ అంతకన్నా ఎక్కువగానీ వేస్తే వెంటనే నా ఫోను మోగుతుంది. నేను ఫోన్ చేసి మాట్లాడాలి, అది దిగేదాకా.

నా ఫోను మోగలేదు. ఒక వారం, రెండు వారాలు, నాలుగు వారాలు. కుట్టుమిషను దగ్గర కూర్చుని ఎవరి ప్యాంటో పొట్టి చేస్తూ మాటిమాటికీ ఫోను వైపు చూసేదాన్ని. మోగకపోతే పొంగిపోయేదాన్ని. మా అన్నయ్యకి ఎంత నిబ్బరం, నిండుకుండ తొణకదు అని వదినతో గొప్పగా చెప్పాను కూడా. వదిన మాట మార్చేసింది. అప్పుడే అనుమానించాల్సింది.

అన్నయ్య డ్యూటీ దిగి నేరుగా నా వార్డుకే వచ్చేవాడు. నా మంచం పక్కన స్టూలు మీద రెండు గంటలు కూర్చునేవాడు. సూదులు తీసేవేళకి లేచి “బండి తెస్తా చిట్టీ” అని కిందికి వెళ్ళేవాడు. సూది తీసినచోట దూది అదిమిపట్టుకుని రక్తం ఆగేదాకా కూర్చుని, ఇరవై నిమిషాలకి నేను దిగేదాన్ని. ముప్ఫై ఒకటో రోజు గురువారం. ఆవేళ రక్తం ఐదు నిమిషాల్లోనే ఆగిపోయింది. సంబరపడుతూ కిందికి వచ్చాను.

గేటు పక్కన, వాచ్‌మన్ గది వెనక, అన్నయ్య గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. తల మీద సన్నగా పొగ లేస్తోంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పు అతని వేళ్ళ మధ్య ఉంది.

“ఎన్నోది?” అన్నాను.

ఉలిక్కిపడి కింద పడేసి చెప్పుతో నలిపాడు. “ఒకటే చిట్టీ.”

“ఈరోజుకి ఒకటా?”

“నువ్వు మిషను మీదున్న రోజున ఒకటి. మిగతా రోజులు ముట్టను. ఒట్టు.”

అన్నయ్య బట్టలకి బాయిలర్ పొగ వాసన ఎప్పుడూ ఉండేదే, నా ముక్కా జబ్బుతో సగం చచ్చింది. నాకెలా తెలుస్తుంది? చేతిలోంచి ఫోను లాక్కుని చూశాను. జవాబులన్నీ వరసగా ఉన్నాయి. మూడు. మూడు. మూడు. మొదట్లో ఒక్క ఐదు తప్ప ముప్ఫై ఒక్క రోజులూ మూడే.

“ఇదేంటిది?”

“మొదటిరోజు ఎనిమిది వెయ్యబోయి ఐదు వేశాను. ఎందుకు, ఎక్కడ, ఎవరితో, ఇప్పుడేం చేస్తావ్ అని ప్రాణం తీసింది. మూడేస్తే ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటుంది.”

అదీ సంగతి. ఫోనుని కూడా ఆఫీసరే అనుకున్నాడు. ఎవరూ దిగిరాకుండా ఉండే అంకె ఏదో వెతికి పట్టుకుని, దాన్నే వేస్తూ పోయాడు. బాయిలర్ దగ్గరైతే వినడానికి చెవి ఉంది. ఇక్కడ వినాల్సిన చెవి ఆ ఫోనే. దాని చెవిలో దూది కుక్కాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను. లెక్క మళ్ళీ మొదలైతే ఆరు వారాలు. నా చెయ్యి అంతవరకు ఉంటుందో లేదో. నేను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “సోమవారం సిస్టర్ దగ్గర నోరు విప్పకు. ఇంకో పదకొండు రోజులేగా. ఇకనుంచి ముట్టకు. మూడే వెయ్యి” అన్నాను.

అన్నయ్య నా ముఖంలోకి చూసి, “అలాగే” అన్నాడు.

సోమవారం పొద్దున అంకెల సిస్టర్ గదిలో అన్నయ్య గొట్టంలోకి ఊదాడు. ఊపిరిలో పొగ ఆనవాలు ఎంతుందో చెప్పే గొట్టం అది. రెండు చూపించింది, ఎప్పుడూ ముట్టని వాళ్ళలాగే. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

“ఈ గొట్టానికి నిన్నా ఇవాళా జరిగిందే తెలుస్తుందండి. అంతకుముందుది తెలీదు” అంటూ కంప్యూటరు మావైపు తిప్పింది. తెర మీద స్కేలు పెట్టి గీసినట్టు ఒక గీత. “రోజుకో పెట్టె కాల్చిన మనిషికి ఇలాంటి గీత నేనెప్పుడూ చూడలేదు. ఎగుడుదిగుళ్ళుండాలి. మీ తప్పు పట్టడానికి కాదు చెప్తున్నది. ఈ ముప్ఫై ఐదు రోజుల్లో ఫోను మిమ్మల్ని ఒక్కసారి కూడా ఆదుకోలేదు. మీరు క్షేమంగా ఉన్నారనుకుంది. ఉన్నారా?”

అన్నయ్య నావైపు చూశాడు. నేను గుడ్లురిమాను. చెల్లెలు అన్నని అలా చూడకూడదు. చంపేస్తానన్నట్టు చూశాను, చంపుతున్నది ఎవరినో ఆలోచించకుండా.

“తొమ్మిదండి” అన్నాడు అన్నయ్య. “నా చెల్లెలి మంచం దగ్గర్నుంచి లేచినప్పుడల్లా తొమ్మిది. కాల్చాను. పద్నాలుగు కాల్చాను.”

సిస్టర్ తలూపింది. కేకలెయ్యలేదు. డాక్టరుకి ఫోన్ చేసి, లెక్క ఆ రోజు నుంచే మళ్ళీ మొదలని చెప్పింది. నేను లేచి బయటికి వచ్చేశాను. అన్నయ్య వెనకే “చిట్టీ, చిట్టీ” అంటూ వచ్చాడు. నేను తిరిగి చూడలేదు. మర్నాడు వార్డుకి వస్తే గోడవైపు తిరిగి పడుకున్నాను.

బుధవారం వదిన మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే మాట్లాడింది.

“మీ అన్నయ్యని అబద్ధం చెప్పమన్నావట.”

“నా చెయ్యి ఎన్నాళ్ళుంటుందో నీకు తెలుసుగా వదినా.”

“తెలుసు. పొగ తాగి, తాగలేదని చెప్పి ఆ బల్ల మీద పడుకుంటే ఏమవుతుందో సిస్టర్ నాకూ చెప్పింది. నీకు కిడ్నీ కావాలి, నేను కాదన్నానా? ఎప్పుడైనా ఒక్కమాటన్నానా? ఇచ్చేవాడు తిరిగి ఇంటికి రావాలి కదమ్మా!” కొంగుతో కళ్ళు తుడుచుకుని, వచ్చినదారినే వెళ్ళిపోయింది.

నాలుగేళ్ళుగా జాలి చూపులు తిని తిని, నా ప్రాణం ఒక్కటే ప్రాణమనుకోవడానికి అలవాటుపడ్డాను. ఆ పూట అన్నం సయించలేదు. అన్నయ్యకి ఫోన్ చేసి ఒకటే చెప్పాను. “నిజం వెయ్యి. ఎంతైతే అంత.”

అప్పటినుంచి నా ఫోను మోగడం మొదలైంది. పొద్దున ఏడు. టీ తర్వాత ఎనిమిది. ఎవరి రవికకో హుక్కులు కుడుతుంటే తొమ్మిది. నేను చేతిలో పని పడేసి ఫోన్ చేసేదాన్ని. వెనక బాయిలర్ హోరు, ముందు అన్నయ్య ఊపిరి. ఏం మాట్లాడాలో తెలియక చిన్నప్పుడు నా జడ కత్తిరించిన సంగతి తీసి తిట్టేదాన్ని. నాలుగైదు నిమిషాలకి “ఆఁ, దిగింది, పెట్టెయ్” అనేవాడు. ఒక్కోసారి పది నిమిషాలైనా దిగేది కాదు. ముప్ఫై ఐదు రోజులపాటు ప్రతి ‘మూడు’ వెనకా ఇదే ఉందన్నమాట. ఒంటరిగా పడ్డాడు. నేనేమో నిండుకుండ అని మురిసిపోయాను.

కాల్చలేదు. కానీ మంగళ, గురు, శనివారాల్లో గేటు దగ్గర గండం అలాగే ఉంది. రెండు సార్లు వాచ్‌మన్ దగ్గర సిగరెట్టు అడిగి తీసుకుని, వెలిగించకుండా తిరిగిచ్చేశాడట.

రెండు వారాలయ్యాక సిస్టర్ మళ్ళీ తెర తిప్పింది. ఈసారి గీత లేదు, పటం ఉంది. ఇల్లు ఆకుపచ్చగా, బాయిలర్ గది పసుపుపచ్చగా ఉన్నాయి. మా ఇద్దరికీ బాయిలరే పెద్ద శత్రువని నమ్మకం, ఇరవై ఆరేళ్ళు అక్కడే కాల్చాడు కాబట్టి. కాదు. ఎర్రగా మండుతున్నది ఆస్పత్రి గేటు. సాయంత్రం నాలుగున్నర. గేటు దగ్గర ఒక్కడే ఉన్నా, ‘పక్కన ఎవరు’ అన్నచోట ప్రతిసారీ ఒకే మాట. చెల్లెలు.

“అంటే నన్ను చూస్తేనా సిస్టర్?” అన్నాను.

ఆవిడ ఇబ్బందిగా పెన్ను తిప్పింది. “నికోటిన్ ఒంట్లోంచి కొద్దిరోజుల్లో పోతుందమ్మా. కానీ చోట్లు, మనుషులు, వేళలు అలవాటుని పట్టుకుని ఉంటాయి. అవి కనిపించగానే కోరిక లేస్తుంది.”

“నిన్ను చూస్తే కాదే” అన్నాడు అన్నయ్య తల దించుకుని. “నీ రక్తం ఆ గొట్టాల్లో తిరుగుతుంటే చూడలేను. రెండు గంటలు బిగపట్టుకుని కూర్చుంటాను. లేవగానే చెయ్యి జేబులోకి పోతుంది. కాలిస్తే నిన్ను చంపినట్టేనని భయం. ఆ భయానికి ఇంకా కాల్చాలనిపిస్తుంది.”

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను ఆ కుర్చీలో. ఆ స్టూలు మీద అన్నయ్య ఉంటేనే నాకు ఆ నాలుగు గంటలు గడిచేవి. చివరికి నేనే అన్నాను. “ఈ నాలుగు వారాలు నువ్వు రావద్దు.”

“రాకుండా ఎలా ఉంటాను?”

“ఎలాగైనా ఉండు. వస్తే గార్డుకి చెప్పి గెంటిస్తాను.”

అన్నయ్య రాలేదు. బదులు వదిన వచ్చింది. మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె తెచ్చిన కమలాపండు తొనలు లెక్కగా రెండే ఇచ్చేది, నాకు అంతకుమించి తినకూడదు కాబట్టి. నా ఫోను మోతలు తగ్గాయి. రోజుకి రెండు, తర్వాత ఒకటి, ఒక్కోరోజు ఏదీ లేదు.

మొత్తం లెక్కలో నాలుగో వారం చివర నా కుడిచెయ్యి మొరాయించింది. పొద్దున లేచి తాకి చూస్తే, ఎప్పుడూ వేళ్ళకింద జుమ్మని తెలిసే రక్తం తెలియలేదు. దారి పూడిపోయింది. హడావుడిగా మెడలోకి గొట్టం దింపారు. చీము పడితే ఆపరేషనే ఆగిపోతుంది, జాగ్రత్త అన్నారు. వదిన నా కాళ్ళ దగ్గర నిలబడి చూసింది.

“మీ అన్నయ్యకి చెప్పనా?”

“చెప్పకు. నీకు దణ్ణం పెడతా.”

సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు. “చెయ్యి ఎలా ఉందే?”

“బాగానే ఉంది” అన్నాను. మర్నాడూ అదే అడిగాడు, అదే చెప్పాను. రోజూ చెప్పాను.

నలభై ఒకటో రోజు శనివారం. మంగళవారం ఆపరేషన్. నాలుగు కావస్తుండగా వార్డు తలుపు తెరుచుకుంది. అన్నయ్య. తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పండగకి వచ్చినవాడిలా నవ్వుతూ వచ్చాడు. “రావద్దన్నావని తెలుసు. అయిపోవచ్చింది కదా, ఒక్కసారి చూసి…”

దుప్పటి పైకి లాక్కోబోయాను. అందలేదు. అతని కళ్ళు నా మెడ దగ్గర ఆగాయి. చర్మంలోంచి బయటికొచ్చిన గొట్టం, దాన్ని పట్టి ఉంచిన కుట్లు, అందులో పైకీ కిందికీ పోతున్న ఎర్రటి రక్తం.

నవ్వు పోయింది. వదిన లేచి నిలబడింది.

అతని జేబులో ఫోను మోగింది. ఆ చోటు, ఆ వేళ, అది మరిచిపోలేదు. అన్నయ్య ఏదో నొక్కాడు. మరుక్షణం నా దిండు పక్కన నా ఫోను మోగింది. పది.

“ఇంటికి పో అన్నయ్యా” అన్నాను. “వదినా, తీసుకుపో.”

“ఇప్పుడు ఆ గేటు దాటితే కాల్చేస్తానే” అన్నాడు. “నన్ను కదపకండి.” స్టూలు లాక్కుని కూర్చుని, చూయింగ్ గమ్ నోట్లో వేసుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టాడు. వదిన వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

అంకె ఎక్కువైతే దిగేదాకా ఫోను వదలదు. ఐదు నిమిషాలకి మళ్ళీ అడిగింది. పదే. కొద్ది నిమిషాల్లో దిగుతుందన్నారుగా! దిగకపోతే? మూడు రోజుల ముందు మళ్ళీ ఒకటో రోజైతే? మెడలో గొట్టంతో ఇంకో ఆరు వారాలు నేనుండను. నాకు తెలుసు. అన్నయ్యకీ తెలుసు. అతని నుదుటి మీద చెమట కారుతోంది, కాలు నేలని టకటకా కొడుతోంది. అయినా గొట్టం మీద నుంచి చూపు తిప్పలేదు. ఇదివరకు ఆ రెండు గంటలూ ఎప్పుడూ కిటికీ వైపే చూసేవాడు.

ఇంకో ఐదు నిమిషాలకి తొమ్మిది. ఆ తర్వాత ఏడు. కాలు కొట్టుకోవడం ఆగింది.

“ఇది ఎప్పుడేశారు?” అన్నాడు.

“రెండు వారాలవుతోంది.”

“రోజూ ఫోన్లో బాగానే ఉందన్నావ్.”

“అవును.”

“ఇప్పుడు నిజం చెప్పు చిట్టీ. భయమెంత?”

ఏమీ లేదు, బాగానే ఉన్నాను అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అన్నయ్య చెమట తుడుచుకోకుండా నా జవాబు కోసం చూస్తున్నాడు.

“పది” అన్నాను. నాలుగేళ్ళలో మొదటిసారి అతని ముందు ఏడ్చాను.

అన్నయ్య స్టూలు మంచానికి ఆనేలా జరుపుకుని, నాలుగున్నరకి మిషను ఆపేదాకా అక్కడే కూర్చున్నాడు.